చలి ఊళ్లలో పామ్ చెట్టు: మార్చిలో నాటేవారికి

ఉత్తర కరోలినా, వర్జీనియా, టెనెసీ లాంటి చోట్ల పెరట్లో పామ్ పెట్టాలనుకున్నవాళ్లు చాలామంది కొనే దగ్గరే దెబ్బతింటారు. వసంతం రాగానే పెద్ద దుకాణాల బయట క్వీన్ పామ్ కుండీలు వరసగా పెడతారు. ఆకు అచ్చం కొబ్బరి మట్టలా ఉంటుంది కాబట్టి మనవాళ్ల చెయ్యి దానిమీదకే పోతుంది. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి పోయే ఊళ్లో దాన్ని నేలలో పెట్టడం డబ్బు దండగ.

నిజంగా చలికి నిలిచే రకాలు ప్రధానంగా మూడు. విండ్‌మిల్ పామ్ చైనా నుంచి వచ్చింది. విసనకర్రలాంటి ఆకు, మాను నిండా పీచు, చూస్తే పొట్టి తాటిచెట్టే. బాగా వేరూనినది 5 నుంచి 10 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సేబల్ మైనర్‌కి మాను నేలలోనే దాగి ఉంటుంది, మొవ్వు మట్టి చాటున ఉంటుంది కాబట్టి 5 డిగ్రీలకు దిగువన కూడా బతుకుతుంది. కాకపోతే పెరుగుదల నత్తనడక. మూడోది నీడిల్ పామ్, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల సొంత మొక్క, పామ్‌లన్నిటిలోకీ చలికి మొండిది. సున్నాకి దిగువన -5 దగ్గర కూడా బతికిన మొక్కలున్నాయి. నాలుగైదు అడుగుల పొదగా ఉంటుంది. మొక్క మొదలు దగ్గర పొడవాటి నల్లని ముళ్లుంటాయి, పిల్లలు ఆడుకునే చోట పెట్టకండి. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) చలి మండలాల పటంలో మీ ఊరు 7ఎ గానీ అంతకంటే చల్లగా గానీ ఉంటే నీడిల్, 7బి, 8 అయితే విండ్‌మిల్. ఇందులో పెద్దగా ఆలోచించేది లేదు.

పటాన్ని నమ్మండి గానీ పూర్తిగా కాదు. అది ఏటా వచ్చే కనిష్ఠాల సగటు మాత్రమే. 8వ మండలం అంటే 10 నుంచి 20 డిగ్రీలు. ఆ మండలంలోనే ఉన్న డల్లాస్‌లో 2021 ఫిబ్రవరిలో -2 నమోదైంది.

నాటడానికి మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచి అదను. మేపుల్, ఓక్ లాంటివి శరదృతువులో పెట్టినా చల్లటి నేలలో మెల్లగా వేళ్లు పంపుతాయి. పామ్ అలా కాదు, నేల వెచ్చబడితేనే దాని వేరు కదులుతుంది. అక్టోబరులో పెడితే చలికాలమంతా కుండీలో ఉన్న వేళ్లతోనే నెట్టుకురావాలి. మార్చిలో పెడితే మొదటి గడ్డకట్టే రాత్రికి ముందు ఆరేడు నెలలు దొరుకుతాయి. అలాగని ఫిబ్రవరిలో తొందరపడితే చల్లటి తడిమట్టిలో వేళ్లు కుళ్లుతాయి. పొద్దున్నే 6 అంగుళాల లోతున థర్మామీటరు 55 దాటి, రోజురోజుకీ పెరుగుతుంటే పార పట్టండి.

గ్రీన్‌హౌస్‌లో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి. పది రోజులు అలవాటు చెయ్యాలి: మొదట చెట్టు నీడ, తర్వాత పొద్దుటి ఎండ, చివర్లో పూర్తి ఎండ. మాడి తెల్లబడిన ఆకు మళ్లీ పచ్చబడదు.

చోటు ఎంచేటప్పుడు చలికంటే నీరే ముఖ్యం. కరోలినా ఎర్ర బంకమట్టిలో అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళమైనా దిగకపోతే అక్కడ గుంతలో నాటొద్దు. 8 నుంచి 10 అంగుళాల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి దానిమీద పెట్టండి. విండ్‌మిల్‌కి దక్షిణపు గోడ పక్కన, గాలి దెబ్బ లేని చోటు మేలు. గాలికి దాని ఆకులు చీలికలు పేలికలవుతాయి. నీడిల్ నీడలోనూ బాగుంటుంది.

గుంత వెడల్పు వేళ్లముద్దకి రెట్టింపు, లోతు ముద్ద ఎత్తంతే, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. బంకనేలలో ముద్ద పైభాగం నేలకంటే అంగుళం, రెండంగుళాలు పైకే ఉండాలి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే: మొక్క నిటారుగా నిలవాలని మాను మొదలు పూడ్చేస్తారు. పామ్ కొత్త వేళ్లన్నీ మాను అడుగునుంచే పుడతాయి, ఆ చోటికి గాలాడకపోతే ఏడాదీ రెండేళ్లకి ఆకులు చిన్నవై వంకరపోతాయి. మొక్క ఎందుకు క్షీణిస్తోందో అప్పటికి ఎవరికీ అంతుపట్టదు.

వేళ్లముద్దను విదిలించకండి, విప్పకండి. తీసిన మట్టితోనే పూడ్చండి. కుండీల మట్టి, కంపోస్టు గుంతలో నింపితే బంకనేల మధ్య అది తొట్టిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. ఎరువు ఇప్పుడు వద్దు. చుట్టూ మూడంగుళాల గట్టుతో పాదు కట్టి, 3 గ్యాలన్ల కుండీ మొక్కకు ఒక్కో తడికి 2 నుంచి 3 గ్యాలన్లు పొయ్యండి. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వాన లేకపోతే వారానికోసారి. పైన మూడంగుళాల బెరడు పొట్టు, మానుకి తగలకుండా. ఊతం కావాలంటే గుడ్డతో కట్టండి, మేకు కొట్టకండి, పామ్ మానుకి పడిన గాయం పూడదు.

నాటాక 28 డిగ్రీల కింద మంచు రాత్రి వస్తే పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసెయ్యండి. ప్లాస్టిక్ ఆకుకి తగిలితే తగిలిన చోటే మాడుతుంది.

ఎరువు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, నెమ్మదిగా కరిగే 8-2-12 రకం (నత్రజని 8, భాస్వరం 2, పొటాషియం 12 పాళ్లు), మెగ్నీషియం ఉన్నది, సంచిమీద రాసిన దాంట్లో సగం చాలు. ఆగస్టు దాటాక వెయ్యకండి. అడుగు ఆకులు పసుపు తిరిగితే నరికే అలవాటు మానుకోండి: పొటాషియం తక్కువైనప్పుడు చెట్టు ఆ ముసలి ఆకుల్లోంచే లాక్కుంటుంది, అవి తీసేస్తే పై ఆకుల మీద పడుతుంది. పూర్తిగా ఎండినవి మాత్రమే కొయ్యండి.

చలికాలం గడిచాక, మార్చిలో నడిమి మొవ్వాకును మెల్లగా లాగి చూడండి. ఊడి చేతికొస్తే, అడుగున కుళ్లువాసన వస్తే అది మొవ్వుకుళ్లు. చచ్చిందని పీకెయ్యకండి. కుళ్లింది శుభ్రంగా తీసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మొవ్వులో పొయ్యండి, నురగ ఆగాక ఆరనిచ్చి, మర్నాడు రాగి (కాపర్) ఉన్న తెగులు మందు వెయ్యండి. కోనసీమలో కొబ్బరి మొవ్వుకుళ్లుకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పెట్టడంలోనూ సూత్రం ఇదే. వారం తర్వాత మరోసారి చెయ్యండి, వాన పడకుండా ఏదైనా గొడుగులా అడ్డం పెట్టండి. జులై దాకా ఆగితే చాలాసార్లు కొత్త ఆకు, మొదట కొన కత్తిరించినట్టు వంకరగా, పైకి వస్తుంది.