కూలిన హెలికాప్టర్‌ను మళ్లీ ఎగరేసే ముందు

రిమోట్ హెలికాప్టర్ నేలను తాకిందా? విరిగిన రెక్కలు మార్చి వెంటనే ఎగరేయకండి. కంటికి ఆనని వంపే అసలు ప్రమాదం. ప్రధాన రెక్కలను తిప్పే నిలువు కడ్డీ అయిన మెయిన్ షాఫ్ట్‌నూ, రెక్కల పట్టులను కలిపే సన్నటి ఫెదరింగ్ షాఫ్ట్‌నూ బయటకు తీసి అద్దం పలక మీద దొర్లించండి. సాఫీగా దొర్లితే మంచిదే. తడబడుతూ, కింద వెలుతురు సందు కనిపిస్తే వంగినట్టే. దాన్ని సుత్తితో సరిచేయాలని చూడవద్దు, కొత్తది వేయండి. నేను ఒకసారి సరిచేసి వాడాను. ఎగిరినంతసేపూ తోక వణుకుతూనే ఉంది.

పెద్ద గేరును చేత్తో నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పి చూడండి, దెబ్బతిన్న పన్ను ఉంటే అక్కడ పట్టేస్తుంది లేదా జారుతుంది. లోహంలోకి బిగించే మరలకు అవి వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాక్, ఒక్క చుక్క చాలు. ఉబ్బిన లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టనే వద్దు. మొదటిసారి మోటారు తిప్పి చూసేటప్పుడు ప్రధాన రెక్కలు, తోక రెక్కలు తీసేయండి.