షెట్లాండ్ గొర్రె ఉన్నికి కత్తెర కంటే చేయే మేలు
స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల గొర్రెల్లో చాలావాటికి వేసవి మొదట్లో పాత ఉన్ని దానంతటదే వదులవుతుంది. దాన్ని చేత్తో లాగి తీయడాన్ని అక్కడ 'రూయింగ్' అంటారు.

ఈ జాతిని పెంచేవాళ్లు ముందు మెడ దగ్గర చిన్న కుచ్చు పట్టి మెల్లగా లాగి చూడండి. ఇట్టే ఊడి వస్తే సమయం వచ్చినట్టే. బిగువుగా అనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయండి, పాపం దానికి నొప్పి. కొన్ని రోజులాగి మళ్లీ చూడండి. ఒళ్లంతా ఒకేసారి వదలకపోవచ్చు, టెన్షన్ పడొద్దు. కొన్నిటికి అసలు ఊడదు, వాటికి కత్తెరే గతి.

తడి ఉన్ని ముట్టుకోవద్దు. చేత్తో తీస్తే తెగిన పొట్టి ముక్కలు కలవవు, నూలు మెత్తగా వస్తుంది. కింద మొలిచిన కొత్త ఉన్ని గొర్రెను చలి నుంచి కాపాడుతుంది.

మెడ ఉన్ని విడిగా దాచండి. షెట్లాండ్ లేస్ శాలువాలకు కావలసిన సన్నటి నూలు సంప్రదాయంగా దానితో వడుకుతారు.