సర్వర్ అద్దెను, లైసెన్స్ ధరను విడదీసి చూసిన లెక్క

పలాసలోని ఒక జీడిపప్పు పరిశ్రమ ఖాతాల సాఫ్ట్‌వేర్‌ను అజూర్‌కు (సర్వర్లను అద్దెకిచ్చే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ) మార్చేందుకు అంచనా వేసినప్పుడు, నెల మొత్తంలో అద్దె ఎంతో, లైసెన్స్ ఎంతో యజమానికి అంతుపట్టలేదు. అందువల్ల ఒకే పరిమాణపు సర్వర్‌ను మొదట లైసెన్స్ ఖర్చు లేని లినక్స్‌తో, తరువాత విండోస్‌తో, ఆపైన విండోస్‌కు మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌ను కలిపి, అన్నింటికీ నెలకు 730 గంటలే పెట్టి పక్కపక్కన లెక్కించాను. వాటి మధ్య తేడాలే లైసెన్స్ ధరలు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ 2022లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ మించకూడదు. వీరిది ఎప్పుడో మించిపోయింది. ముందే కొన్న సొంత లైసెన్స్‌ను అజూర్‌లో వాడుకోవాలంటే దానికి సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ (మైక్రోసాఫ్ట్‌తో విడిగా డబ్బు కట్టి చేసుకునే ఒప్పందం) అమలులో ఉండాలి. వీరి పాత లైసెన్స్‌కు అది లేదు.

అసలు ఆదా కోర్ల (ప్రాసెసర్‌లోని పనిచేసే భాగాల) దగ్గర దొరికింది. ఎస్‌క్యూఎల్ లైసెన్స్‌ను కోర్ల లెక్కన, కనీసం నాలుగింటికి వసూలు చేస్తారు కనుక, రెండు కోర్ల యంత్రం తీసుకున్నా ఆ ఖర్చు తగ్గదు. పాత సర్వర్‌లో, వాడకాన్ని చూపే విండోస్ పరికరం పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిస్తే, సీజన్ రద్దీలో సైతం ప్రాసెసర్ తీరిగ్గానే ఉంది, మెమరీ మాత్రం నిండిపోయింది. అందుకే 64 జీబీ మెమరీ ఉండి, ఎనిమిదింటిలో నాలుగు కోర్లే పనిచేసే ఈ8-4 రకాన్ని ఎంచుకున్నాను. ఎనిమిది కోర్లూ పనిచేసే రకంతో పోలిస్తే యంత్రం అద్దె, విండోస్ ధర మారలేదు గానీ, ఎస్‌క్యూఎల్ లైసెన్స్ సగమైంది.

రాత్రిళ్లు సర్వర్‌ను అజూర్ వెబ్ పేజీ అయిన పోర్టల్‌లోనే ఆపిస్తున్నాను. విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది.