గూగుల్‌లో మన కొట్టు – నాలుగో పాఠం: డబ్బిచ్చి కనిపించడం, ఇవ్వకుండా కనిపించడం

మూడో పాఠం పూర్తయ్యేసరికి కొట్టు పేరు మీద గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాపులో, వెతికినప్పుడు కొట్టు వివరాలు చూపే ఉచిత ఖాతా) తెరిచాం. వీడియో తీసి ధ్రువీకరణ చేయించాం. తెరిచే వేళలు, ఫోన్ నంబరు, ఫొటోలు పెట్టాం. ఈ పాఠంలో మొదటిసారి డబ్బు జోలికి వెళ్తున్నాం కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఉదాహరణకు మొదటి పాఠం నుంచి చూస్తున్న ఊహా దుకాణాన్నే తీసుకుందాం. ఒడిశాలోని బరంపురం బడాబజారులో పట్టుచీరల కొట్టు అది. చీరలు దేవాంగుల మగ్గాల నుంచి వస్తాయి. ఒడియా వాళ్ళూ, తెలుగు వాళ్ళూ కొంటారు. పెళ్ళి ముహూర్తాలు మొదలైతే సరిహద్దుకు ఆంధ్ర వైపున్న ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి.

ఫలితాల పేజీలో ఏది ఎవరిది

ఫోన్‌లో ‘బరంపురం పట్టుచీరలు’ అని వెతకండి. ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉన్నవి డబ్బు కట్టిన ప్రకటనలు. మ్యాపుతో వచ్చే దుకాణాలు బిజినెస్ ప్రొఫైల్ నుంచి వస్తాయి. తక్కినవి మామూలు ఫలితాలు, వాటినే ఆర్గానిక్ అంటారు. మ్యాపులో వరస ఎలా తేలుతుందో గూగులే చెబుతుంది: వెతికినదానికి మీ కొట్టు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్న మూడింటి మీద. ఆ మామూలు వరసలో పైకి రావడానికి డబ్బు కట్టే దారి లేదు.

యాడ్ ఆపేస్తే కింద ఆర్గానిక్‌లో కూడా మన స్థానం పడిపోతుందన్న భయం బజారులో బాగా ఉంది. అలా జరగదు. యాడ్ పెట్టినంత మాత్రాన ఆర్గానిక్‌లో పైకి రావడమూ ఉండదు. రెండూ వేర్వేరు ఖాతాలు.

‘పెయిడ్ ఎస్ఈఓ’ అనే మాటతోనూ జాగ్రత్త. ఎస్ఈఓ అంటే ఆర్గానిక్‌లో సైట్ పైకి వచ్చేలా చేసే పని. ఏజెంట్ ఆ మాట అంటే వెంటనే అడగండి: ఈ డబ్బు గూగుల్‌కి వెళ్తుందా, మీకు వెళ్తుందా? గూగుల్‌కి వెళ్తే అది ప్రకటన. ఏజెంట్‌కి వెళ్తే అది ఆర్గానిక్ పనికి ఇచ్చే కూలి. కూలి ఇవ్వడం తప్పు కాదు, కానీ ఏ పనికి ఇస్తున్నామో కాగితం మీద ఉండాలి. ఆ పనుల్లో ‘వేరే సైట్ల నుంచి లింకులు కొనిపెడతాం’ అని ఉంటే వద్దనండి. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. దెబ్బ తగిలితే ఏజెంట్‌కి కాదు, మీ సైట్‌కే తగులుతుంది.

వేలం, దాని లెక్క

గూగుల్ తన ప్రకటనల పద్ధతిని 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలుపెట్టింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్ అయింది. ఎవరైనా వెతికిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాడే గెలుస్తాడని లేదు. యాడ్‌లో రాసిన మాట వెతికినదానికి తగ్గట్టు ఉందా, జనం దాన్ని నొక్కే అవకాశం ఎంత, నొక్కాక తెరుచుకునే పేజీ పనికొస్తుందా అన్నవి కూడా తూకంలోకి వస్తాయి. అందుకే చిన్న కొట్టు తక్కువ పాడి కూడా పెద్ద షోరూమ్ కంటే పైన కనిపించగలదు. మనం పాడిన గరిష్ఠం కంటే కట్టేది తరచు తక్కువే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. అంకెలన్నీ అభ్యాసం కోసం అనుకున్నవే, మీ అంకెలు వేసుకుని మళ్ళీ చేయండి. రోజుకు 200 చొప్పున 10 రోజులకు 2,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,360. క్లిక్‌కి, అంటే ఒకరు యాడ్ నొక్కినందుకు, 8 రూపాయలైతే 250 మంది మీ పేజీకి వస్తారు. వాళ్ళలో 10 మంది ఫోన్ చేసి, ముగ్గురు కొన్నారనుకోండి. ఒక్కో బేరానికి ఖర్చు దాదాపు 787 రూపాయలు. పట్టుచీర మీద మీకు 2,000 మిగిలితే యాడ్ నడపొచ్చు. 900 మిగిలితే చేతికొచ్చేది 113. నూలు నేతచీర మీద 300 మిగిలే చోట ఈ యాడ్ నష్టం. మామూలు జీఎస్టీ నమోదు ఉన్న కొట్టు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. నమోదు లేనివాళ్ళకు, కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్ళకు అది ఖర్చే.

రోజు బడ్జెట్ 200 అని పెట్టినా, గిరాకీ ఉన్న రోజున గూగుల్ దానికి రెట్టింపు దాకా ఖర్చు చేయొచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు, అంటే ఇక్కడ 6,080 దాటనివ్వదు. మీరు అనుకున్నది 2,000 అయితే ప్రతి రాత్రీ చూసుకుని, 2,000 చేరగానే మీరే ఆపేయాలి.

అసలు కొనాల్సింది మాటల జాబితా

ఈ పాఠమంతటిలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. సరిహద్దు ఊళ్ళలో చిన్న కొట్టు మొదటిసారి యాడ్ పెట్టేది బేరాల కోసం కాదు, జనం ఏమని వెతుకుతున్నారో తెలుసుకోవడం కోసం. బేరాలొస్తే సంతోషమే.

మన ఊరి సంగతే చూడండి. బోర్డుల మీద బ్రహ్మపూర్, ఇంగ్లీషు అలవాటు ఉన్నవాళ్ళకు బెర్హంపూర్, మనకు బరంపురం. ఒకరు ఒడియా లిపిలో, ఇంకొకరు తెలుగులో కొడతారు. ఇచ్ఛాపురం అమ్మాయి తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. దీనికి తోడు పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం కూడా ఇంగ్లీషులో దాదాపు ఇదే పేరు. అదీ పట్టుకు పేరున్న చోటే! కాబట్టి ‘బెర్హంపూర్ సిల్క్ శారీ’ అనే కీవర్డ్ (ఏ మాట వెతికితే మన యాడ్ రావాలో ఆ మాట) మీద డబ్బు పెడితే, ముర్షిదాబాద్ గరద్ చీర కోసం వెతికేవాళ్ళు కూడా నొక్కుతారు. మన 8 రూపాయలు అక్కడికి పోతాయి.

దీనికి మందు నెగెటివ్ కీవర్డ్‌లు. ఏ మాట ఉంటే మన యాడ్ చూపించొద్దో ముందే రాసిపెట్టడం అన్నమాట. మన జాబితాలో ముర్షిదాబాద్, గరద్, బెంగాల్, కోల్‌కతా ఉండాలి. ఉద్యోగం, అద్దె, సెకండ్‌హ్యాండ్ కూడా చేర్చండి. ఇంగ్లీషులో, తెలుగులో, ఒడియాలో విడివిడిగా రాయండి. ఒక భాషలో రాస్తే తక్కిన భాషల్లోకి దానంతటది వెళ్ళదు.

యాడ్ నడిచిన 10 రోజులూ ‘సెర్చ్ టర్మ్స్’ అనే రిపోర్టు చూస్తూ ఉండండి. జనం నిజంగా టైప్ చేసిన మాటలు అందులో ఉంటాయి. మరీ కొద్దిమంది వెతికిన మాటలను గోప్యత కోసం గూగుల్ చూపదు. అయినా పనికొచ్చేది చాలా దొరుకుతుంది. ‘ఫోడా కుంభం అంచు’ (బరంపురం పట్టుచీరకు ఉండే గుడి గోపురాల అంచు) అని వెతుకుతున్నారా, ‘పెళ్ళికొడుకు పట్టు జోడు’ (పంచె, ఉత్తరీయం) అని వెతుకుతున్నారా, ‘పదివేల లోపు పట్టుచీర’ అనా? ఏ మాటలు వెతికినవాళ్ళు మనకు ఫోన్ చేశారో వాటిని నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ జాబితా విలువ 2,360 కంటే ఎక్కువని నా నమ్మకం, ఎందుకంటే యాడ్ ఆగిపోయాక కూడా అది మీదగ్గరే ఉంటుంది.

చోటు దగ్గర ఒక ఉచ్చు

ఎక్కడ చూపించాలో ఎంచుకునేటప్పుడు, ఆ చోట ఉన్నవాళ్ళతో పాటు ‘ఆ చోటు మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు’ కూడా చూపించే అమరిక ముందే ఎంపికై ఉంటుంది. గోపాల్‌పూర్ తీరానికి రావాలని ఢిల్లీలో కూర్చుని వెతికేవాళ్ళు కూడా ఆ లెక్కలోకి రావచ్చు. లాడ్జి నడిపేవాళ్ళకు అది మంచిదే. చీరల కొట్టుకు మాత్రం ‘ఆ చోట ఉన్నవాళ్ళు’ అన్నది ఎంచుకోండి.

రాష్ట్రం పేరుతో ఎంచుకోవద్దు. ఒడిశా అని పెడితే ఇచ్ఛాపురం బయటే ఉండిపోతుంది. బరంపురం చుట్టూ 40 కిలోమీటర్లు అని గీయండి: ఛత్రపురం, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం అన్నీ లోపలికి వస్తాయి. పర్లాకిమిడిలో కొట్టు ఉన్నవాళ్ళకూ ఇదే సూత్రం, వాళ్ళ గిరాకీలో సరిహద్దుకు ఆంధ్ర వైపున్న పాతపట్నం వాళ్ళను వదులుకోలేం కదా. డిస్‌ప్లే నెట్‌వర్క్ అన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి. లేకపోతే మన డబ్బుతో ఎవరి ఆటల యాప్‌లోనో మన బొమ్మ కనిపిస్తుంది.

జాబితాతో ఆర్గానిక్ పని

ఇప్పుడు ఆ మాటలను మీ సైట్‌లోకి తేవాలి. ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ. పెళ్ళికొడుకు జోడు కోసం వెతికేవాళ్ళు ఎక్కువగా తేలితే దానికొక పేజీ రాయండి. పేజీ శీర్షికలో సరుకు పేరు, ఊరి పేరు ఉండాలి. లోపల ధర ఎక్కడ మొదలవుతుందో, ఏ రంగులున్నాయో, కొలతలేమిటో, బస్టాండు నుంచి ఎలా రావాలో రాయండి. కొట్టులో గిరాకీకి నోటితో చెప్పేదంతా పేజీలో ఉండాలి. ‘ఒడిశాలోని గంజాం జిల్లా బ్రహ్మపూర్ (బరంపురం)’ అని ఒక్కసారి స్పష్టంగా రాస్తే బెంగాల్ ఊరితో గందరగోళం తగ్గుతుంది. తెలుగు పేజీ, ఒడియా పేజీ విడివిడిగా చేయండి. మెషిన్ అనువాదాన్ని ఉన్నదున్నట్టు పెట్టకండి, ఆ భాష వచ్చినవాళ్ళ చేత చదివించి సరిచేయించాకే పెట్టండి. ఒకే పేజీలో ఊరి పేరును ముప్పైసార్లు కుక్కడం వల్ల లాభం లేదు. సైట్ కోడ్‌లో దాచిపెట్టే ‘మెటా కీవర్డ్స్’ జాబితాను వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఎప్పటికి ఫలితం? మార్పులు చేసి లాభం కనబడటానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్ళే చెప్పారు. మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరూ ఇవ్వలేరని కూడా వాళ్ళ మాటే. కాబట్టి నెలలో నంబర్ వన్ అని వచ్చినవాడిని గుమ్మం దగ్గరే పంపేయండి.

ఈ నాలుగు నెలల వ్యవధిని లెక్కలో పెట్టుకునే యాడ్‌ల సమయం తేల్చుకోవాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు గిరాకీ కావాలంటే పేజీ ముందటి శీతాకాలంలోనే సిద్ధం కావాలి. పేజీ ఆలస్యమైతే ఆ కొద్ది వారాలకు యాడ్ పెట్టండి, యాత్ర అయిపోగానే ఆపేయండి. ఏ మాటకు మన పేజీ ఆర్గానిక్‌లో పైన నిలకడగా వస్తుందో, ఆ మాట మీద ఒక వారం యాడ్ ఆపి చూడండి. ఫోన్లు తగ్గకపోతే ఆ డబ్బు ఇంకో మాటకు మళ్ళించండి. తగ్గితే మళ్ళీ తెరవండి.

ఈ వారం పని

కొట్టుకు వచ్చే ప్రతి ఒక్కరినీ ‘ఫోన్‌లో మా కొట్టు కోసం వెతకాలంటే ఏమని కొడతారు?’ అని అడగండి. వాళ్ళు చెప్పిన మాటను చెప్పినట్టే, తప్పులతో సహా రాసుకోండి. ఎదురుగా భాష, ఊరు రాయండి. అందులోంచి ఎనిమిదో పదో మాటలు కీవర్డ్‌లుగా తీయండి, పక్కన నెగెటివ్‌ల జాబితా రాయండి. మీ సరుకులో ఏ రకం మీద ఎంత మిగులుతుందో పైన చేసిన లెక్కలో వేసి, ఒక బేరానికి యాడ్ మీద ఎంత వరకు పెట్టగలరో తేల్చండి. యాడ్ ఖాతా ఇంకా తెరవకండి. ఆర్గానిక్‌లో మన సైట్ ఏ మాటలకు కనిపించిందో చూపే సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ ఉచిత సాధనాన్ని సైట్‌కి కలపడం అయిదో పాఠంలో చేద్దాం. అది అయ్యాకే 2,000 రూపాయల పరీక్ష మొదలుపెడతాం, అప్పుడు యాడ్ రిపోర్టునూ ఆర్గానిక్ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చదవొచ్చు.