కాలువ నాచుతో కిరణజన్య సంయోగక్రియను కళ్ళారా చూడటం ఎలా?

పదో తరగతి పిల్లాణ్ణి ఆపి, వెలుతురుతో మొక్క తన ఆహారం చేసుకునే కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే సమీకరణం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు. మరి ఆకు వదిలే ఆక్సిజన్ ఎక్కడిదిరా అంటే, కార్బన్ డయాక్సైడ్‌లోదే కదండీ అంటాడు. కాదు, నీళ్ళలోది. మొక్క నీటిని విరగ్గొట్టి, తనకి కావలసింది ఉంచుకుని, ఆక్సిజన్‌ని బయటికి వదిలేస్తుంది. ఆ వదిలేసేది బుడగల్లా పైకి రావడం మన ఇంట్లోనే చూడొచ్చు. కాలువ నాచు, ఖాళీ ఆవకాయ సీసా, వంటసోడా, ఒక బల్బు ఉంటే చాలు.

ముందు సరైన నాచు దొరకాలి

గుర్రపుడెక్క పనికిరాదు, దాని ఆకులు నీళ్ళ పైన ఉంటాయి. రేవు మెట్లకి జారుడుగా పట్టే పాచి కూడా కాదు. మనకి కావలసింది నీళ్ళలో మునిగి పెరిగే మొక్క. సన్నటి కాడ, దాని చుట్టూ కణుపు కణుపుకీ నాలుగు నుంచి ఎనిమిది చిన్న ఆకులు వలయంలా ఉంటాయి. పాఠాల్లో దీన్నే హైడ్రిల్లా అంటారు. మన గోదావరి డెల్టాలో పారుడు తక్కువున్న పంట బోదెల్లో, ఊరి చెరువుల్లో చూడండి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువే గతి. పిల్లల్ని ఒంటరిగా రేవుకి పంపకండి.

లేత పచ్చగా ఉన్న కొసల్ని జానెడు పొడవున నాలుగైదు తెంపి, అక్కడి నీళ్ళలోనే ఇంటికి తెచ్చుకోవాలి. ఒండ్రు పట్టి ఉంటే మెల్లగా కడగండి.

సీసాలో పెట్టడం

అర లీటరు నీళ్ళలో పావు టీస్పూను వంటసోడా కలపండి. మొక్కకి కావలసిన కార్బన్ దాని నుంచే అందుతుంది. ఇక్కడ నేను ఒకసారి బోల్తాపడ్డాను. శుభ్రంగా ఉంటాయని కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, సోడా వేయకుండా గంటసేపు కూర్చున్నాను. ఒక్క బుడగ రాలేదు. కాచినప్పుడే అందులో కరిగి ఉన్న వాయువులన్నీ పోయాయన్న సంగతి తర్వాత వెలిగింది.

నాచు కాడని నీళ్ళలో ముంచే ఉంచి, మొదలు దగ్గర బ్లేడుతో ఏటవాలుగా కోయండి. కోసిన చివర పైకి ఉండేలా తలకిందులుగా సీసాలో నిలబెట్టండి. తేలిపోతుంటే కొసకి చిన్న రాయి దారంతో కట్టొచ్చు. కాడ లోపల గాలి నడిచే సందులు ఉంటాయి. ఆకుల్లో పుట్టిన వాయువు వాటి గుండా వచ్చి కోసిన చోట బయటపడుతుంది. అందుకే తలకిందులు.

బుడగలు లెక్కపెట్టడం

గది కాస్త చీకటి చేసి, ఎల్ఈడీ బల్బుని సీసాకి జానెడు దూరంలో పెట్టండి. పాతకాలం ఫిలమెంటు బల్బు వద్దు, అది నీళ్ళని వేడెక్కించి లెక్క చెడగొడుతుంది. ఐదు నిమిషాలు ఆగండి. కోసిన చివర సూదిమొనంత బుడగ పుడుతుంది, ఉబ్బుతుంది, ఊడి పైకి పోతుంది, వెంటనే ఇంకోటి. గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నో రాసుకోండి. తర్వాత బల్బుని రెండు జానల దూరానికి జరపండి. దూరం రెట్టింపైతే పడే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి తగ్గుతుంది, బుడగలూ తగ్గుతాయి. మరీ దగ్గరికి తెస్తే మాత్రం ఒక హద్దు దాటాక పెరగవు. వెలుతురు చాలినంత ఉన్నా, కార్బన్ అందే వేగం చాలదు.

ఇప్పుడు బల్బు ఆర్పేయండి. కాసేపటికి బుడగలు ఆగిపోతాయి. భీమవరం, ఆకివీడు వైపు చేపల రైతులకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువు నీటికి పచ్చదనం ఇచ్చే సూక్ష్మమైన నాచు పగలంతా ఆక్సిజన్ చేస్తుంది. రాత్రి అది కూడా చేపలతో పాటు అదే ఆక్సిజన్‌ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆ వేళకే హోరెత్తుతాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే రైతుకి నిద్ర ఉండదు.

ఆకు లోపలికి తొంగిచూడటం

బడిలో మైక్రోస్కోపు ఉంటే ఈ నాచు ఆకు ఒకటి తుంచి పట్టుకెళ్ళండి. ఆకు రెండు కణాల మందమే కాబట్టి కోతలు, రంగులు అక్కర్లేదు. గాజుపలక మీద నీటి చుక్క, అందులో ఆకు, పైన కవర్ స్లిప్. ఇటుకలు పేర్చినట్టు కణాలు, ప్రతి కణంలో పచ్చటి గింజలు కనిపిస్తాయి. అవే హరితరేణువులు, కిరణజన్య సంయోగక్రియ జరిగేది వాటిలోనే. మిల్లీమీటరుని రెండు వందల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, ఒక్కో రేణువు దాదాపు అంత. కదలకుండా రెండు నిమిషాలు చూడండి. ఉన్నట్టుండి అవి కణం గోడ వెంట, కాలువలో పడవల్లా ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. నాకైతే సమీకరణం కన్నా ఈ దృశ్యమే గుర్తుండిపోయింది.

రేణువు లోపల ఏముందో బడి మైక్రోస్కోపులో కనపడదు. ఆత్రేయపురం పూతరేకుని ఊహించుకోండి: పొర మీద పొర. అలాగే పల్చటి పొరల సంచులు దొంతర్లుగా ఉంటాయి, వాటిని థైలకాయిడ్లు అంటారు. ఆకుకి పచ్చరంగు ఇచ్చే పత్రహరితం ఉండేది ఆ పొరల్లోనే. అది ఎరుపు, నీలం వెలుగుని బాగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చని అంతగా పట్టించుకోదు. అందుకే ఆకు మనకి పచ్చగా కనిపిస్తుంది. ఆ వెలుగు శక్తితో నీరు విరుగుతుంది, మీ సీసాలో బుడగ పుడుతుంది, లోపల ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ అనే శక్తి సరుకు తయారవుతుంది. ఆక్సిజన్ నీళ్ళలోదేనని 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తల బృందం మామూలుకన్నా బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని వాడి చూపించింది.

దొంతర్ల చుట్టూ ఉన్న ద్రవం స్ట్రోమా. రుబిస్కో అనే ఎంజైము కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేది అక్కడే. పొరల నుంచి వచ్చిన శక్తి సరుకు ఖర్చుపెట్టి, దాన్నుంచి చక్కెర కట్టడం మొదలవుతుంది. ఈ దారిని కనిపెట్టినందుకే శాస్త్రవేత్త మెల్విన్ కాల్విన్‌కి 1961లో నోబెల్ వచ్చింది. దీన్ని పుస్తకాల్లో ‘చీకటి చర్య’ అనడం నాకు నచ్చదు. పిల్లలు అది రాత్రిపూట జరుగుతుందనుకుంటారు. పొరల నుంచి సరుకు రావడం ఆగితే ఇదీ కాసేపట్లోనే ఆగుతుంది.

చక్కెర చేరిందని చూడటం

తెల్లమచ్చలున్న మనీప్లాంట్ కుండీని మూడు రోజులు చీకటి గదిలో ఉంచండి. ఆకు తను చేసిన చక్కెరలో కొంత పిండిగా మార్చి దాచుకుంటుంది, చీకట్లో ఆ పిండి ఖర్చయిపోతుంది. తర్వాత ఆరు గంటలు మంచి వెలుతురులో పెట్టి, ఒక ఆకు తెంపి, మచ్చలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోండి. ఆకుని మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ముంచండి. పొయ్యి పూర్తిగా ఆర్పేశాక, ఆ వేడినీళ్ళ గిన్నెలో సర్జికల్ స్పిరిట్ పోసిన చిన్న గ్లాసు పెట్టి, అందులో ఆకు వేయండి. స్పిరిట్ భగ్గున అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. ఆకు మందం కాబట్టి పచ్చదనం దిగడానికి వేడినీళ్ళు ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. పాలిపోయిన ఆకుని కడిగి, పలచన చేసిన టింక్చర్ అయోడిన్ చుక్కలు వేయండి. పిండి తగిలితే అయోడిన్ నీలి నలుపుకి మారుతుంది కాబట్టి పచ్చగా ఉన్న చోట ఆ రంగు తేలుతుంది, తెల్లమచ్చల చోట తేలదు. మీరు గీసిన బొమ్మతో పోల్చుకోండి.

చేలో ఉంది కదా అని వరి ఆకుతో ఇది చేయకండి, నిరాశపడతారు. వరి ఆకు తను చేసినదాన్ని పిండిగా దాచడం తక్కువ. చాలావరకు చక్కెరగానే ఉంచి, వెన్నుకి పంపేస్తుంది. పిండిగా మారేది గింజలో. ఆ గింజని ముక్కలు చేసి ఇదే అయోడిన్ వేస్తే నల్లబడుతుంది.

అయ్యాక నాచుని ఇంకో చెరువులో పారేయకండి. చిన్న ముక్క పడినా మళ్ళీ మొలుస్తుంది. పెరట్లో ఎండబెట్టి అరటి మొదట్లో వేసేయండి.