పాత బ్రిటిష్ వెండిపై ముద్రలను చదవడం

1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన బరంపురం, పర్లాకిమిడి వైపు పాతసామాను దుకాణాలలో ఇంగ్లండు చెంచా ఏదైనా చేతికి దొరికితే, దయచేసి చింతపండుతో గాని బూడిదతో గాని తోమకండి. అరిగిపోయిన ముద్ర మళ్ళీ రాదు. గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్ది, కంసాలి భూతద్దంతో కాడ వెనుకభాగాన్ని చూడండి.

ముందుగా వెతకవలసినది ముందుకాలు ఎత్తి నడుస్తున్న సింహం. వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి ఉన్నదని ఇంగ్లండులో పరీక్షించి వేసిన గుర్తు అది. దాని పక్కన పరీక్షించిన ఊరి ముద్ర ఉంటుంది: చిరుతపులి తల లండనుకు, లంగరు బర్మింగ్‌హామ్‌కు చెందినవి. స్కాట్లండులోని ఎడిన్‌బరో ముద్ర మూడు బురుజుల కోట; దాని పక్కన ఈ నడిచే సింహం ఉండదు. చిరుత తలపై కిరీటం ఉంటే వస్తువు సాధారణంగా 1821కి ముందుదే.

నేను బరంపురంలో కొన్న చెంచాపై లంగరు, సింహంతో పాటు విక్టోరియా రాణి తల కూడా ఉంది. సుంకం చెల్లించినట్లు తెలిపే ఈ రాజముఖ ముద్రను 1784 నుండి 1890 వరకు వేసేవారు గనుక, కాలం చాలావరకు అక్కడే తేలిపోయింది. కచ్చితమైన సంవత్సరాన్ని చెప్పేది ఈ ముద్రల వరుసలోనే ఉండే, ఏటా మారే ఒక ఆంగ్ల అక్షరం. అయితే అదే అక్షరం కొన్నేళ్ళకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి, అక్షరం రూపాన్నీ దాని చుట్టూ ఉన్న డాలు ఆకారాన్నీ కలిపి, ఆ ఊరి సంవత్సరాక్షరాల పట్టికతోనే సరిపోల్చాలి.

ఈ.పి.ఎన్.ఎస్. (EPNS, అంటే ఎలక్ట్రోప్లేటెడ్ నికెల్ సిల్వర్) అని ఉంటే అది వెండిపూత మాత్రమే. చెంచా అడుగున పూత అరిగినచోట లోపలి లోహం వేరే రంగులో బయటపడుతుంది.