జార్‌గా నడుస్తుంది, మాడ్యూల్‌గా నడవదు

జావా 9 తర్వాతి మాడ్యులర్ ప్రాజెక్టుల్లో (కోడ్‌ని మాడ్యూళ్లనే పేరున్న భాగాలుగా విడగొట్టినవి) ఒక తికమక ఉంది. ఒకే జార్ ఫైలు (ప్రోగ్రాం క్లాసులన్నీ కట్టిన మూట) ‘జావా హైఫన్ జార్’ అంటే చక్కగా నడుస్తుంది. ‘హైఫన్ ఎం’తో మాడ్యూల్ పేరు ఇస్తే మాత్రం మెయిన్ క్లాస్ యాట్రిబ్యూట్, అంటే ఏ క్లాస్‌తో మొదలుపెట్టాలో చెప్పే వివరం, లేదంటూ మొరాయిస్తుంది. కోడ్‌లో తప్పు వెతక్కండి (నేను ఒక పూటంతా వెతికాను!). మొదటి పద్ధతి జార్ లోపల వివరాలు రాసి ఉండే మ్యానిఫెస్ట్ ఫైలు చదువుతుంది. రెండోది మెయిన్ క్లాస్ కోసం దాని జోలికే పోదు, మాడ్యూల్ గురించి చెప్పే మాడ్యూల్ ఇన్ఫో క్లాస్ ఫైల్లో ఉన్నదే చూస్తుంది. అందుకే మ్యానిఫెస్ట్‌ని చేత్తో దిద్దితే లాభం లేదు. జార్ టూల్‌తో ఫైలును అప్‌డేట్ చేస్తూ, ‘మెయిన్ హైఫన్ క్లాస్’ ఆప్షన్‌లో ప్యాకేజీతో సహా క్లాస్ పూర్తి పేరు ఇవ్వండి. తర్వాత అదే టూల్‌తో ‘డిస్క్రైబ్ హైఫన్ మాడ్యూల్’ కొడితే ఆ పేరు కనబడాలి. అంత టైం లేకపోతే, నడిపేటప్పుడే మాడ్యూల్ పేరు పక్కన స్లాష్ పెట్టి క్లాస్ పూర్తి పేరు ఇచ్చేయండి, నడిచిపోతుంది.